పెట్టె మూతలోని రాతలు

 

ఈ శీర్షికలో మేము సాధారణంగా నమాజును గురించి, సంతాన శిక్షణను గురించి, ఇంటిలోనివారి పరస్పర హక్కులను గురించి మనవి చేస్తుంటాము. ఈ నెల ఒక పాత ఇనుప పెట్టెను గురించి వ్రాయదలచాము. చివరి వరకు చదివినవారికి ఇది కూడా హక్కుల విషయమేనని తెలుస్తుంది. ఇందులో మా పొరపాటు ఒకటి ఉన్నది. దానిని దాచుకోవడం కంటె పదిమందికి చెప్పడమే మేలని తోచినది. మరొకరు ఆ పొరపాటు చేయకుండా ఉంటే అదే చాలు.

పాత సాకెట్ సెట్లను, వాటిని భద్రపరచే ఇనుప పెట్టెలను సేకరించి బాగుచేయడం మాకు చాలా ఏండ్లుగా ఉన్న అలవాటు. మదర్సాలో పాఠాలు ముగిసిన తరువాత, అస్ర్ నమాజుకూ మగ్రిబ్ నమాజుకూ నడుమ దొరికే కొద్ది సమయంలో వరండాలో కూర్చుని ఈ పని చేస్తుంటాము. హదీసు గ్రంథం పట్టుకునే చేతులకు ఈ గ్రీజు మరకలు ఎందుకని అడిగిన పెద్దలు కూడా ఉన్నారు. వారికి మేము హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) గారిని గుర్తుచేస్తాము. ఆయన ప్రవక్త, పైగా రాజు. అయినప్పటికీ అల్లాహ్ ఆయన కొరకు ఇనుమును మెత్తబరచాడనీ, కొలత తప్పకుండా కవచాలు తయారుచేయమని ఆదేశించాడనీ దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరా తెలుపుతున్నది. ఆయన తన చేతి కష్టంతోనే భుజించేవారని దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రశంసించిన విషయం బుఖారీ గ్రంథంలో ఉన్నది. ఇనుము పేరుతోనే ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉన్నది. అది 57వ సూరా అయిన అల్ హదీద్. ఇనుములో గొప్ప శక్తి ఉన్నదనీ, మానవులకు ప్రయోజనాలు ఉన్నాయనీ అల్లాహ్ అందులో తెలియజేశాడు. అటువంటి వస్తువును శుభ్రం చేయడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఈ అలవాటు మాకు మా మేనమామ గారి షెడ్డులో అబ్బినది. కావలిలో ట్రంక్ రోడ్డు ప్రక్కన ఆయన లారీలు, కార్లు బాగుచేసేవారు. మద్రాసు నుండి కలకత్తా వరకు పోయే రహదారి మా ఊరి మీదుగానే పోతుంది గనుక చెడిపోయిన బండి ఏదో ఒకటి ఎప్పుడూ షెడ్డులో ఉండేది. మేము దూరపు మదర్సాలో చదువుకుంటూ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆయన ప్రక్కన కూర్చుని పనిముట్లు అందించేవారము. రాత్రి పెట్టె మూసే ముందు ఆయన సాకెట్లను ఒక్కొక్కటిగా తుడిచి లెక్కపెట్టేవారు. ఒక్కటి తగ్గినా ఇంటికి పోయేవారు కారు. అది ఇంజను లోపల పడి ఉంటే మరునాడు బండివాని ప్రాణానికే ప్రమాదమని చెప్పేవారు. అమానత్ అనే మాటకు అర్థం మేము గ్రంథాలలో తరువాత చదివాము. దానిని మొదట చూసినది ఆ షెడ్డులోనే.

సాకెట్ అనగా ఏమిటో తెలియని పాఠకులకు రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. మామూలు పానా నట్టును రెండు వైపుల మాత్రమే పట్టుకుంటుంది. సాకెట్ చిన్న గిన్నె వంటిది. అది నట్టు మీద టోపీ వలె కూర్చుని అన్ని వైపుల నుండి పట్టుకుంటుంది. దాని వెనుక భాగంలో నలుచదరపు రంధ్రం ఉంటుంది. పిడిని ఆ రంధ్రంలో దూర్చి త్రిప్పుతారు. 1920లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జోసెఫ్ జాన్సన్ అనే యువకుడు 5 పిడులు, 10 సాకెట్లు కలిపి ఒక సెట్టుగా అమ్మకానికి తెచ్చాడు. వాటిని మార్చి మార్చి తగిలిస్తే 50 పనిముట్ల పని జరుగుతుందన్నది అతని ఆలోచన. స్నాప్-ఆన్ అనే పేరుగల సంస్థ అలా మొదలైనదే. పిడిలో పళ్ళ చక్రము, దానికి అడ్డుపడే చిన్న నాలుక, స్ప్రింగు అమర్చి ఉంటే దానిని రాట్చెట్ అంటారు. దానిని నట్టు మీద నుండి తీయకుండానే చేతిని ముందుకూ వెనుకకూ ఆడిస్తూ బిగించవచ్చు. ఇంజను క్రింద పడుకుని, చేయి పట్టని ఇరుకులో పనిచేసేవారికి అది ఎంత సుఖమో వారే చెప్పగలరు.

మన ప్రాంతపు పాత మెకానిక్కుల పెట్టెలను తెరిస్తే అందులో ఈ దేశపు రహదారుల చరిత్ర కనిపిస్తుంది. ఇంగ్లాండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరల కొలతలకు ఒక పద్ధతి ప్రతిపాదించాడు. మద్రాసులో 1955 నుండి తయారైన పాత బుల్లెట్ మోటారు సైకిళ్ళకు ఆ ఇంగ్లీషు పద్ధతి పానాలే కావలసి వచ్చేవి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అమెరికా, ఇంగ్లాండు, కెనడా కలిసి 1948లో మరొక అంగుళాల పద్ధతికి అంగీకరించాయి. 1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్ కార్లలో మన మెకానిక్కులు చూసినది ఆ నట్లే. జర్మనీ సంస్థతో కలిసి టెల్కోవారు 1954 నుండి తయారుచేసిన లారీలకు మిల్లీమీటర్ల పానాలు కావాలి. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి దేశమంతా మెట్రిక్ పద్ధతికి మారినది. పాత బండ్లు మాత్రం రోడ్డు మీదనే ఉన్నాయి. కాబట్టి ఒక్క మెకానిక్కు పెట్టెలో మూడు కొలతల సాకెట్లు కలిసి ఉండేవి.

ఈ మూడింటి తేడా తెలియనివారు మోసపోతారు. విట్‌వర్త్ సాకెట్ మీద 1/2 అని ఉంటే దాని నోరు అర అంగుళం ఉండదు. ఆ అంకె బోల్టు కాడ మందాన్ని తెలుపుతుంది. నోరు 0.92 అంగుళాలు, అనగా దాదాపు 23.4 మిల్లీమీటర్లు ఉంటుంది. తరువాతి కాలపు అంగుళాల సాకెట్ మీద అదే 1/2 ఉంటే నట్టు వెడల్పు నిజంగానే అర అంగుళం, అనగా 12.7 మిల్లీమీటర్లు. ఆ నట్టుకు 13 మిల్లీమీటర్ల సాకెట్ వేసి బలంగా త్రిప్పితే ఆ కొద్ది సందులోనే అంచులు అరిగి నట్టు గుండ్రమవుతుంది. 3/4 అంగుళం నట్టు 19.05 మిల్లీమీటర్లు గనుక 19 సాకెట్ దానికి చక్కగా సరిపోతుంది. అనుభవం గల మెకానిక్కుకు ఇవన్నీ కంఠస్థం. తెలియనివారు పెట్టె తెరిచి, పొంతన లేని అంకెలు చూసి, ఇది పనికిమాలిన కలగూరగంప అనుకుని తూకానికి వేస్తారు.

మేము చెప్పదలచిన పెట్టె అలా తూకానికి వచ్చినదే. గత సంవత్సరం మా ఊరిలోని ఒక పాత ఇనుప సామాను కొట్టులో అది మా కంటబడినది. మూత ఎత్తి రెండు వైపులకు లాగితే లోపలి అరలు మెట్ల వలె విచ్చుకునే రకం పెట్టె. సముద్రం దగ్గరి ఊరు కావడం చేత ఉప్పుగాలికి కీళ్ళు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. లోపల గెడోర్ ముద్రగల ఒక రాట్చెట్, బ్రిటూల్ ముద్రగల విట్‌వర్త్ సాకెట్లు కొన్ని, అంగుళాలవి కొన్ని, మిల్లీమీటర్లవి కొన్ని కలగలిసి ఉన్నాయి. అన్నీ కలిపి 22 కిలోలు తూగినవి. కిలో 40 రూపాయల చొప్పున 880 రూపాయలు చెల్లించి తెచ్చుకున్నాము. దాని నిజమైన విలువ అంతకు ఎన్నో రెట్లని మాకు ఆ క్షణంలోనే తెలుసు. ఈ మాట ముందుగానే ఒప్పుకుంటున్నాము.

బాగుచేయడానికి మాకు మూడు వారాలు పట్టినది. ఈ పనిలో ఆసక్తి గల యువకుల కొరకు ఆ విధానం చెబుతాము. మొదట అన్నింటినీ డీజిల్‌లో నానబెట్టి పాత జిడ్డును కుంచెతో వదిలించాలి. తెల్లని మెరుగు పూత లేని నల్ల సాకెట్లను ఒక రాత్రి వెనిగర్‌లో ఉంచితే తుప్పు మెత్తబడుతుంది. ఉదయాన్నే తీసి, వంటసోడా కలిపిన నీటిలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. అశ్రద్ధ చేస్తే మధ్యాహ్నానికే కొత్త తుప్పు వస్తుంది. మొండి తుప్పుకు బట్టల సోడా కలిపిన నీటిలో బ్యాటరీ ఛార్జరుతో కరెంటు పంపే పద్ధతి ఉన్నది. పనిముట్టుకు ఋణ తీగను, పనికిరాని ఇనుప ముక్కకు ధన తీగను తగిలించాలి. ఆ రెండూ ఒకదానికొకటి తగలకూడదు. దీనిని ఆరుబయటనే చేయాలి, ఎందుకనగా మండే వాయువు వెలువడుతుంది. స్టీలు గిన్నెలను, చెంచాలను ఆ నీటిలో వాడరాదు, విషపదార్థం పుడుతుంది. మెరుగు పూత ఉన్న సాకెట్లను ఇందులో వేస్తే పూత పొరలుగా లేచిపోతుంది. రాట్చెట్ లోపలి స్ప్రింగును వెనిగర్ వంటి పులుపులలో నానబెట్టకూడదు, పెళుసుబారి విరుగుతుంది. దానిని విప్పి, తుడిచి, చిక్కని గ్రీజుకు బదులు పలుచని నూనె రెండు చుక్కలు వేస్తే చాలు, నాలుక మళ్ళీ టక్ టక్ మని పలుకుతుంది.

ఇక పెట్టె. వెలుపలి తుప్పును తీగ బ్రష్షుతో గీకాము. మూత లోపలి వైపు మసి, గ్రీజు పేరుకుని, వాటి నడుమ ఏవో పెన్సిలు గీతలు ఉన్నాయి. మూతను సగానికి పైగా ఎమరీ కాగితంతో రుద్ది తళతళలాడించాము. ఇనుము వెలుగు చూసి మనసు సంతోషించినది. అంతలో మగ్రిబ్ అజాన్ కావడంతో మిగిలిన సగం ఆనాటికి వదిలేశాము.

మరునాడు మా దగ్గర చదువుకునే పన్నెండేండ్ల బాలుడు సాకెట్లను వరుసగా పేరుస్తూ, వాటిలో చాలా వాటి మీద చుక్కలతో కొట్టిన రెండు అక్షరాలను చూశాడు. పెట్టె అడుగున కూడా అవే అక్షరాలు ఉన్నాయి. "హజ్రత్, ఇవి ఎవరి పేరు? వారు దీనిని మనకు అమ్మారా?" అని అడిగాడు.

కొట్టువానికి డబ్బు ఇచ్చామని సమాధానం చెప్పవచ్చు. కాని ఆ బాలునికి అంతకు వారం క్రితమే మేము లుఖతా పాఠం చెప్పాము. దొరికిన వస్తువు సంచిని, దాని త్రాడును గుర్తుపెట్టుకుని, ఒక సంవత్సరం పాటు ప్రకటించి, సరిగ్గా ఆనవాలు చెప్పినవానికి అప్పగించమని దైవప్రవక్త (స) నేర్పిన పాఠమది. సంచికీ త్రాడుకీ అంత విలువ ఉన్నప్పుడు, వస్తువు మీదనే చెక్కిన పేరును మూడు వారాలుగా తుడుస్తూ కూడా ఎవరిదని మేము అడుగలేదు. అడిగితే పెట్టె చేజారిపోతుందన్న భయం మనసులో ఉన్నది గనుకనే అడుగలేదు. ఇది పిల్లవాని ప్రశ్నతో గాని మాకు తెలియలేదు.

కొట్టులో విచారించగా ఆ పెట్టె మా ఊరిలోనే కొన్నేండ్ల క్రితం మరణించిన ఒక మెకానిక్కుదని తెలిసినది. ఆయనకు భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు. కుమార్తెలకు పెండ్లిండ్లై ఒకరు నెల్లూరులో, ఒకరు ఒంగోలులో ఉన్నారు. ఇల్లు మారుతూ, అడ్డుగా ఉన్నదని కుమారుడు పెట్టెను 660 రూపాయలకు వేసివచ్చాడు. తల్లిని అడుగలేదు, చెల్లెళ్ళకు చెప్పలేదు. ఆ యువకునిలో దురుద్దేశం లేదు. "తుప్పు సామాను అనుకున్నాను హజ్రత్" అన్నాడు. అతని మాట మేము నమ్ముతాము.

అయితే ధర్మం ఏమంటుంది? మరణించినవాని ఖనన ఖర్చులు, అప్పులు, ధర్మసమ్మతమైన వీలునామా తీరిన తరువాత మిగిలినది సూదైనా, స్థలమైనా వారసులందరిదీ. ఈ కుటుంబంలో దానిని 32 భాగాలు చేస్తే తల్లికి 4, కుమారునికి 14, కుమార్తెలకు ఒక్కొక్కరికి 7 భాగాలు వస్తాయి. ఉమ్మడి వస్తువును ఒకరే అమ్మితే అతని వాటా వరకే ఆ అమ్మకం చెల్లుతుంది. మిగిలినవారి వాటాల అమ్మకం వారి అంగీకారం మీద ఆధారపడి ఉంటుందని మా హనఫీ ధర్మవేత్తలు వ్రాశారు. మనవారు పొలం దగ్గర, ఇంటి దగ్గర ఆడపిల్లల వాటాను గురించి ఎంతో కొంత మాట్లాడుతారు. ఇనుప పెట్టె దగ్గరకు, కుట్టు మిషను దగ్గరకు, రాగి బిందె దగ్గరకు వచ్చేసరికి ఆ మాటే ఎత్తరు. దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా మాత్రం ఆస్తి కొద్దిగా ఉన్నా, ఎక్కువగా ఉన్నా స్త్రీలకు అందులో భాగమున్నదని స్పష్టం చేసినది.

మేము ఆ ఇంటికి వెళ్ళి పరదా వెనుక కూర్చున్న ఆ తల్లికి విషయమంతా విన్నవించాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మౌలానా సాబ్, మూత లోపల రాతలు ఉన్నాయా?" అని అడిగారు.

మాకు గుండె ఆగినంత పనైనది. ఆమె వివరించారు. ఆయన పెద్దగా చదువుకున్నవారు కారు. మూత లోపల నడుమ ఒక గీత గీసి, ఎడమ వైపు తాను ఎవరికి ఏ సాకెట్ ఇచ్చారో, కుడి వైపు తాను ఎవరి దగ్గర ఏది తెచ్చుకున్నారో పెన్సిలుతో వ్రాసుకునేవారు. తిరిగి వచ్చినప్పుడు, తిరిగి ఇచ్చినప్పుడు వ్రేలితో తుడిచేసేవారు. "ఆయన పోయేముందు మాట పడిపోయింది. ఎవరికైనా ఏమైనా ఇవ్వాలంటే ఆ రాతలే ఆధారం" అన్నారామె.

మేము ఎమరీ కాగితంతో తుడిచినది కుడి వైపు.

ఒక విశ్వాసి ఆత్మ అతని అప్పు తీరేవరకు దానితో ముడిపడి ఉంటుందన్న హదీసును ఎన్నో జనాజాల దగ్గర మేము చదివి వినిపించాము. ఆ రోజు ఒక మృతుని బాకీ జాబితాను మా చేతులతోనే చెరిపి, మెరుపు వచ్చిందని సంతోషించామని తెలిసినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరుసటి శుక్రవారం జుమా నమాజు అయిన తరువాత మస్జిదు గేటు వెలుపల నిలబడి విషయం చెప్పాము. పోయిన వస్తువులను గురించి మస్జిదు లోపల ప్రకటించడాన్ని దైవప్రవక్త (స) వారించారు గనుక వెలుపలనే చెప్పాము. ట్రంక్ రోడ్డు మీది షెడ్లకు, తుమ్మలపెంట వైపు పడవల ఇంజన్లు బాగుచేసేవారికి, ముస్లిములకూ ముస్లిమేతరులకూ కబురు పంపాము. రెండు వారాలలో ఇద్దరు వచ్చారు. మొదటివారు, ఆకురాయితో అంచున రెండు గాట్లు పెట్టిన 7/16 విట్‌వర్త్ సాకెట్ తన తండ్రిదని, దానిని చూడకముందే ఆనవాలు చెప్పారు. తీసి చూస్తే గాట్లు ఉన్నాయి, ఆ రెండు అక్షరాలు లేవు. అప్పగించాము. రెండవ వారు పడవ ఇంజన్ల మెకానిక్కు, హిందూ సోదరుడు. మిగిలిన ఎడమ వైపు రాతలలో ఆయన పేరు ఉన్నది. ఆయన జేబులో నుండి ఒక సాకెట్ తీసి, "సాయిబు గారి దగ్గర తీసుకున్నానండీ. తిరిగి ఇద్దామంటే ఆయనే లేకపోయె. ఎవరికివ్వాలో తెలియక ఇన్నాళ్ళు దాచాను" అన్నారు. దానికి నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉంచారు. అమానత్‌ను గురించి ఏండ్ల తరబడి పాఠం చెప్పే మాకు ఆ రోజు ఆయన చెప్పకుండానే ఒక పాఠం చెప్పారు.

ఆ అక్షరాలు లేని సాకెట్ మరొకటి ఇంకా మా దగ్గర ఉన్నది. 9/16 అంగుళాలది. ఎవరిదో తెలియలేదు. దానిని సెట్టులో కలపలేదు, వేరే సంచిలో ఉంచాము. ఆశ వదులుకోవలసి వస్తే దాని విలువను అసలు యజమాని పేరున సదఖా చేస్తాము. అటు తరువాత యజమాని వచ్చినా, ఆ సదఖాకు ఆయన అంగీకరించకపోతే మళ్ళీ విలువ చెల్లించే బాధ్యత మాదే.

ఇక ధర. సహాబీ హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) సేవకుడు ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం చేసి తెస్తే, అది అంతకంటె ఎక్కువ విలువైనదని ఆయనే యజమానికి చెప్పి, పెంచుతూ పోయి 800 దిర్హములు చెల్లించిన వృత్తాంతం మన గ్రంథాలలో ఉన్నది. ప్రతి ముస్లిమ్‌కూ మేలు కోరుతానని తాను దైవప్రవక్త (స) చేతిలో ప్రమాణం చేసినందుననే అలా చేశానని ఆయన చెప్పారు. మేము ఇద్దరు పెద్ద మెకానిక్కులను పిలిచి పెట్టెకు ధర కట్టించాము. ఇతరుల సాకెట్లు పోగా 6,400 రూపాయలని తేల్చారు. ఆ తల్లీ, ఇద్దరు కుమార్తెలూ ఆ ధరకు అమ్మడానికి అంగీకరించారు. తల్లికి 800, కుమార్తెలకు ఒక్కొక్కరికి 1,400, కుమారునికి 2,800 వచ్చినవి. తాను ముందే తీసుకున్న 660 రూపాయలను తన వాటాలో మినహాయించమని కుమారుడే చెప్పాడు. నడుమ కొట్టువానికి పోయిన 220 రూపాయలను మా తొందరపాటుకు మేము కట్టిన జరిమానాగా లెక్కవేసుకున్నాము. నెల్లూరు నుండి వచ్చిన చిన్న కుమార్తె ఆ డబ్బును కండ్లకు అద్దుకుని, "మా అబ్బా చేతి సొమ్ములో నాకు దక్కిన మొదటి వాటా ఇది" అన్నది. 1,400 రూపాయలు ఎంతటి మొత్తమో అప్పటి వరకు మాకు తెలియదు.

అంతా అయిన తరువాత ఆ తల్లి ఒక షరతు పెట్టారు. "ఆయన ఎవరికీ లేదనలేదు మౌలానా సాబ్. మీరు దీనిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయవద్దు."

నిజానికి మా ఉద్దేశం అదే. మా గదిలో అప్పటికే అలాంటి సెట్లు నాలుగు, మెరుగుపెట్టి, తాళం వేసి ఉన్నాయి. ఎవరైనా అడిగితే అరుదైనవని, పోతే దొరకవని చెప్పి పంపేవారము. ఆమె మాట వినగానే మాకు మాఊన్ సూరా గుర్తుకు వచ్చినది. చిన్న పిల్లలకు మేమే కంఠస్థం చేయించే 107వ సూరా అది. నమాజు పట్ల ఏమరుపాటు చూపేవారిని, ప్రదర్శనాబుద్ధితో ఆచరించేవారిని హెచ్చరించి, ఆ వెంటనే మామూలు వాడుక వస్తువులను సయితం ఇవ్వనివారి ప్రస్తావనతో ఆ సూరా ముగుస్తుంది. ఆ వస్తువులు ఏవని అడిగితే గొడ్డలి, వంట కుండ, నీటి చేద వంటివని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) వివరించారు. నమాజు చేసేవాని ఇంటిలో గొడ్డలికి తాళం ఉండకూడదన్నమాట. మా సాకెట్లు ఆ గొడ్డలి జాతివే కదా!

ఇప్పుడు ఆ పెట్టె మదర్సా వరండాలోనే ఉన్నది. మూతలో మిగిలిన ఎడమ సగం రాతలను అలాగే ఉంచి పైన పలుచని వార్నిషు పూశాము. ప్రక్కన ఒక నోటు పుస్తకం వ్రేలాడుతూ ఉంటుంది. తీసుకున్నవారు అందులో పేరు, సాకెట్ కొలత, తేదీ వ్రాసి పోతారు. మిగిలిన నాలుగు సెట్లకు కూడా తాళాలు తీశాము. పోతే ఎలాగని అడిగినవారికి సఫ్వాన్ బిన్ ఉమయ్యా వృత్తాంతం చెబుతాము. హునైన్ యుద్ధ సమయంలో దైవప్రవక్త (స) ఆయన వద్ద కవచాలు ఎరువు తీసుకున్నారు. అప్పటికి ఆయన ఇంకా ఇస్లాం స్వీకరించలేదు. బలవంతంగా తీసుకుంటున్నారా అని ఆయన సందేహిస్తే, తిరిగి ఇచ్చే హామీతో తీసుకుంటున్నామని దైవప్రవక్త (స) చెప్పారు. వాటిలో కొన్ని పోగా నష్టపరిహారం ఇవ్వజూపారు. ఇచ్చేవాడు ఉదారంగా ఇవ్వాలి, తీసుకున్నవాడు బాధ్యతగా తిరిగి ఇవ్వాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా ఊరిలో పనిముట్టు చేతులు మారడం ఆగిపోతుంది. ఇంతవరకు ఒక్క సాకెట్ మాత్రం తిరిగి రాలేదు. ఆ పేరు మాత్రం పుస్తకంలో ఉన్నది, కొట్టివేయలేదు.

పాఠక సోదర సోదరీమణులారా! మీ ఇంటిలో కూడా తండ్రిదో, తాతదో ఒక పనిముట్ల పెట్టె ఉండవచ్చు. వడ్రంగి ఉలులు కావచ్చు, దర్జీ కత్తెరలు కావచ్చు, మన నూర్‌బాషా పెద్దలు ప్రత్తి ఏకిన విల్లు కావచ్చు. దానిని తూకానికి వేయకముందు వారసులందరినీ, ముఖ్యంగా ఆడపిల్లలను అడగండి. మూత లోపల, అర అడుగున ఏమైనా వ్రాసి ఉన్నదేమో చూడండి. అర్థం కాని గీతను మురికి అనుకుని తుడవకండి, ముందు ఫోటో తీసి ఇంటిలోని పెద్దలకు చూపండి. ఎరువు తెచ్చిన వస్తువు ఏదైనా అందులో ఉంటే మొదట దానిని తిరిగి ఇవ్వండి. మృతునికి మీరు పంపగల కానుకలలో అది మొదటిది.

పాత పనిముట్లు కొనే యువకులకు మరొక మనవి. రైల్వే ముద్రో, ప్రభుత్వ వర్క్‌షాపు ముద్రో ఉన్న పనిముట్టు వేలంలో అమ్ముడైనదని తెలియనంతవరకు దాని జోలికి పోకండి. ఖైబర్ నుండి తిరిగివచ్చే వేళ ఉమ్మడి సొమ్ములోని చెప్పు వారు విషయంలో కూడా దైవప్రవక్త (స) నరకాగ్నిని గుర్తుచేసి హెచ్చరించారు. బాగుచేసి అమ్మేవారు పగులును రంగుతో కప్పకండి. బజారులో ధాన్యపు రాశి లోపలికి చేయి పెట్టి తడిని బయటపెట్టిన దైవప్రవక్త (స), దానిని జనానికి కనిపించేలా పైన ఉంచలేదేమని ఆ వర్తకుణ్ణి ప్రశ్నించారు. పగిలిన సాకెట్‌కు రంగు పూయడం కూడా తడి ధాన్యాన్ని లోపల దాచడమే.

ఇనుముకు పట్టిన తుప్పును వెనిగర్‌తో ఒక్క రాత్రిలో తీయవచ్చు. ఇతరుల హక్కు చేతికి అంటుకుంటే దానిని వదిలించడానికి గుమ్మం గుమ్మం తిరగవలసి ఉంటుంది. ఆ తిరుగుడు ఈ లోకంలోనే ముగియడం అల్లాహ్ చేసే గొప్ప మేలు. ఆ మెకానిక్కు సోదరుని మగ్ఫిరత్ కొరకు, ఆయన బాకీలు ఇంకేమైనా మిగిలి ఉంటే అవి తీరే మార్గం కొరకు మీరందరూ దుఆ చేయవలసినదిగా ప్రార్థన. ఆయన మూతలోని సగం రాతలను చెరిపిన ఈ చేతుల కొరకు కూడా దుఆ చేయండి. అల్లాహ్ మనందరి అమానతులను మన మరణానికి ముందే వాటి యజమానులకు చేర్చే సౌభాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.